పిడికెళ్ళ సంచి

మా ఆయన అహరోను డెబ్బైరెండో ఏడు కరువుల గొడుగు కొన్నడు.

అవును, కరువులనే. మిరుగు కార్తె పోయింది, చిన్నపూస పోయింది, పెద్దపూస పోయింది. మొగులు వచ్చి మొకం చూపెట్టి అటే పోయింది గని సుక్క రాల్లె. చెరువుల తుంగ ఎండి కరకరలాడుతున్నది. గట్లాంటి ఏడు ఈయన సంగారెడ్డి పోయి నల్ల గొడుగు కొనుక్కొచ్చి, నెత్తి మీద పట్టుకొని వాడంత తిరిగిండు. "ఎండకు" అన్నడు. ఎండ మాకు కొత్తనా? అసలు సంగతేందంటే, ఆ ఏడే ఆయనను సంఘపెద్దను చేసిండ్రు. పాస్టరయ్యగారికి గొడుగున్నది, ఈయనకు లేకపోతె ఎట్ల? పెద్దరికం నెత్తికెక్కింది గదా, దానికి నీడ కావాలె.

మాది హత్నూర అవుతల చిన్న ఊరు. మా వాడల సగం ఇండ్లు ఏసు గుడికి పోతయి, సగం ఇండ్లు పోచమ్మకు మొక్కుతయి. కులమొక్కటే, నీళ్ళు తోడే బాయొక్కటే, ఆకలి సుత ఒక్కటే. ఆ ఆకలిని రెండు జేసినోళ్ళు మాత్రం మా పెద్దమనుషులే.

మిషనోళ్ళు కరువు సాయమని లారీల గింజలు పంపిండ్రు. అమెరికా ఎర్ర జొన్నలు. మా దిక్కు పండేది తెల్ల జొన్న, పచ్చ జొన్న. ఈ ఎర్రది ఎన్నడు చూసినోళ్ళం కాదు. ఎంత ఉడకపెట్టినా పలుకు పలుకే, నములుతుంటె దవడలు గుంజేటియి. మేం వంకలు పెట్టే కాలమా అది? శనివారం శనివారం గుడి ముందట మా ఆయన తరాజు పట్టుకొని నిలబడేది, పాస్టరు కృపానందం అయ్యగారు నీడకు కుర్చీ ఏసుకొని కూసునేది. సంఘం పట్టీల పేరున్నోళ్ళకే గింజలు. లేనోళ్ళు చూసి పోవాలె.

మొదటి శనివారమే మల్లమ్మ వచ్చింది. మల్లమ్మది మా ఇంటెన్క ఇల్లే, నడుమ మోకాలెత్తు దొడ్డిగోడ. ఆమె పెనిమిటి పెంటయ్య, పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నయంటె రాళ్ళు మొయ్య పోయిండు. పైసల్ ఇయ్యాల రేపని మేస్త్రీ తిప్పుతున్నడని కబురు తప్ప, పైస రాలే. ఇంట్ల మల్లమ్మ, సంకల పాలు తాగే పిల్లగాడు, ఎనిమిదేండ్ల బిడ్డ ముత్యమ్మ. ముత్తి అంటం. తల్లీబిడ్డలు గంప పట్టుకొని లైన్ల నిలబడ్డరు. వాళ్ళ వంతు వచ్చింది.

మా ఆయన గొంతు సవరిచ్చుకొని, "నీ పేరేంది?" అన్నడు.

మల్లమ్మ తెల్లబోయింది. "నా పేరు నీకెర్క లేదా అన్నా? పొద్దున లేస్తే నీ ఇంటెన్కనే ఉంటగదా."

"పట్టీల పేరు అడుగుతున్న."

"పట్టీల ఎవలు రాస్తరో వాళ్ళనడుగు, నన్నడిగితె నేనేం జెప్త?"

లైన్ల ఆడోళ్ళు కిసుక్కున నవ్విండ్రు. మా ఆయన మొకం కందగడ్డ అయింది. అప్పుడు కుర్చీల అయ్యగారు కదిలిండు. ఆయన మాట మెత్తగ ఉంటది, ఎన్నపూస. "చూడమ్మా, వచ్చే నెల బాప్తిస్మాలున్నయి. మనసు మార్చుకొని వస్తే, పేరు దానంతటదే ఎక్కుతది."

మల్లమ్మ సంకల పిల్లగాన్ని ఇటు నుంచి అటు మార్చుకున్నది. "గింజలకు నా దేవున్ని మార్చుకుంటనయ్యగారూ, దానికేమున్నది. రేపు మీ లారీ రాకపోతె మళ్ళ ఎవరి దిక్కు మారాలెనో గది సుత ఇప్పుడే సెప్పుండ్రి."

అయ్యగారి నవ్వు అట్లనే ఉన్నది గని, కండ్లల్లకెళ్ళి పోయింది. "నెక్స్ట్" అన్నడు. ఆ ముక్క మా ఆయనకు శాన నచ్చింది. ఆ దినం సందె నాలుగుసార్లు ఇంట్ల అన్నడు. నీళ్ళు పెడితె నెక్స్ట్, తువాల ఇస్తె నెక్స్ట్. నాకు గా తువాలతోనే మెడ సుట్టాలనిపిచ్చింది.

నేనేం జేసిన? ఉడికిన జొన్నగట్క ఓ గిన్నెడు దొడ్డిగోడ మీదికెళ్ళి ముత్తికి అందిచ్చిన. దినాం అందిచ్చిన. ఆ పోరి రెండు చేతులు చాపేది, అందుకోంగనే గిన్నె దిక్కు చూడకుండ నా దిక్కే చూసేది. తిండికి మొకం వాచి గూడ మర్యాద మర్చిపోలే, తల్లి పెంపకం అట్ల. ఒక దినం మా ఆయన చూసిండు.

"ఏమే, ఏం జేస్తున్నవ్? అది సంఘం గింజ. బయటోళ్ళకు పెడుతున్నమని అయ్యగారికి ఎర్కయితె నా పెద్దరికం ఏం గావాలె?"

"నీ పెద్దరికం ఉడకపెడ్తె ముగ్గురు తింటరా?"

"జెర బుద్ధితోని మాట్లాడు. దయావతి సంగారెడ్డి బోర్డింగుల ఎవరి మాట మీద తింటున్నది? అయ్యగారి మాట మీద. ఆయన మనసిరిస్తె బిడ్డ పెట్టె సర్దుకొని ఇంటికొస్తది."

గదీ ఆయన తాళం. మా ఒక్కగానొక్క బిడ్డ దయావతికి సుత ముత్తి ఈడే. మిషన్ బోర్డింగుల మూడు పూటల తిని, తెల్ల గౌను తొడుక్కొని సదువుకుంటున్నది. నేను నోరు మూసుకున్న. కని గిన్నె మాత్రం ఆపలే. ఆయన లేని యాళ్ళ చూసి అందిచ్చిన.

మా అత్త లీలమ్మ సంగతి చెప్పాలె ఇక్కడ. మా ఇంట్ల భక్తి అంటె ఆమెదే, మా ఆయనది ఉత్త గొడుగు భక్తి. మా గుళ్ళ ఒక ఆచారమున్నది. ఎసరు పెట్టినంక, బియ్యం కడిగే ముందు, ఒక్క పిడికెడు తీసి ముంతల ఎయ్యాలె. దేవుని పిడికెడు. పూట పూటకు తియ్యాలె. ఆదివారం ఆ గింజలు కొంగుల ముడేసుకొని పోయి, ఆరాధనల పాట పాడేటప్పుడు ఆడోళ్ళం ఒక్కొక్కళ్ళం ముందటికి నడిచి, గంపల ముడి విప్పాలె. ఏడాదంత జమైన గింజలు గుడెన్క అర్రల పెట్టి, కోత పండుగనాడు వేలం పాడుతరు. గుడికి కప్పు, గంట, అయ్యగారి ఖర్చు, అన్నీ అండ్లకెళ్ళే.

కరువుల సుత మా అత్త పిడికెడు ఆపలే. బియ్యం లేవు. వారానికోసారి వచ్చే ఎర్ర జొన్నలు, డబ్బ అడుగున ఎన్నడివో గుప్పెడు తైదలు. అండ్లకెళ్ళే తీసేది.

"అత్తమ్మా, గా గింజలు గుడోళ్ళే ఇచ్చిండ్రు. గుడోళ్ళిచ్చినయే మళ్ళ గుడికిస్తె ఏమొస్తది?"

"గుడి కాదే, దేవుడు. ఉన్ననాడు ఎవడైన ఇస్తడు. లేనినాడు తీసిన పిడికెడే ఆయనకు కనవడ్తది."

ఒక్క మా అత్తనే కాదు. వాడల గుడికిపోయే ఆడోళ్ళంత గట్లనే. శనివారం తరాజుల జోకించుకున్నరు, పూట పూటకు పిడికెడు తీసిండ్రు, ఆదివారం అవే గింజలు తెచ్చి గంపల పోసిండ్రు. ఆకలితోని కండ్లు లోపటికి పోయినోళ్ళు దేవునికి తినవెట్టిండ్రు. మా అసుంటి పిచ్చోళ్ళు లోకంల ఇంకెక్కడ ఉండరు. ఆ ముంతల పడ్డ పిడికెడు నా చెయ్యి సుత తీసిందే, నేనేం తక్కువ దాన్ని కాదు.

కోత పండుగ వచ్చింది. కోతల్లేవు, పండుగ మాత్రం వచ్చింది. కార్యం ఆగుతదా? మామిడాకులు కట్టిండ్రు, ముగ్గులేసిండ్రు. ముందట బల్ల మీద ఏం పెట్టిండ్రంటె, ఎండిన సొరకాయ ఒకటి, గుమ్మడికాయ ఒకటి, బొచ్చు రాలిన కోడిపెట్ట ఒకటి. దాని మొకం చూస్తె దేవునికి సుత బువ్వ సయించది. పక్కకు, మూతి కుట్టకుండ నిలబెట్టిన పెద్ద సంచి. ఏడాది పొడుగు మేం తీసిన పిడికెళ్ళు. మీద చెయ్యి పెట్టి చూస్తే ఎర్ర జొన్న నడుమ బియ్యం నూక, తైద, కొర్ర, పగిలిన మక్కగింజ. ఎవల ఇంట్ల ఏమున్నదో అదంత అండ్ల ఉన్నది.

వేలం పాట మా ఆయనే పాడిచ్చేది. ఇస్త్రీ అంగి తొడుక్కొని, బల్ల మీద సుత్తెతోని కొట్టి, "వన్... టూ... త్రీ!" అనేది. పుట్టినంక నేర్సుకున్న ఇంగ్లీషు గంతే, "నెక్స్ట్" కలుపుకొని నాలుగు ముక్కలు. సొరకాయ అయ్యగారే పాడుకున్నడు. కోడిని ఎవరు పాడలే.

సంచి కాడికి వచ్చేవరకు బయటికెళ్ళి ఒకడు పాట పెంచిండు. పటేలు జీతగాడు లింగం. పటేలు బయట బండి మీద కూసున్నడు, లోపటికి రాడు. మా గుళ్ళ అడుగు పెడితె మైలవడ్తడు. మా పిడికెళ్ళ గింజలకు మాత్రం మైల లేదు. లింగం పాడిండు, మా మొగోళ్ళు ఒకని మొకం ఒకడు చూసుకున్నరు. ఊరంత ఎండినా పటేలు బాయి కింద వరి పచ్చగున్నది, కోతకు రేపో ఎల్లుండో. ఆయన మీద పాట పెంచేటోడు ఎవడు?

"వన్... టూ..." అని మా ఆయన ఎంత సంతోషంగ అన్నడో! పటేలు మా గుడి సరుకు కొంటుండంటె ఆయన పటేలుకు బామ్మర్ది అయినంత సంబురం. "త్రీ!"

అయ్యగారు కండ్లు మూసుకొని, ఇచ్చిన చేతులను దీవించుమని ప్రార్థన చేసిండు. ఇచ్చిన చేతులు కడుపు పట్టుకొని ఆమెన్ అన్నయి. లింగం సంచి లేపి బండ్ల ఏసిండు.

"పటేలుకు గీ కలగూర గింజలెందుకు?" అని ఇంట్ల అడిగిన.

"ఎద్దులకు దాణాకు. నీకెందుకు గవన్ని?"

సరే, ఎద్దులు. ఎద్దులైన తింటయి, ఎండబెట్టి మురుగబెట్టేకన్న నయం అనుకున్న. నా బుద్ధి సుత అంతవరకే పోయింది ఆ దినం.

పండుగ అయినంక రెండు మూడు దినాలకు, గిన్నె పట్టుకొని దొడ్డిగోడ కాడికి పోయి పిలిస్తె ముత్తి రాలే. లోపటికెళ్ళి మల్లమ్మ గొంతు. "ఇయ్యాల వద్దక్కా. ఉన్నది."

ఉన్నదా? ఏముంటది ఆ ఇంట్ల? నేను గోడ దాటి పోయిన. మల్లమ్మ ఇసుర్రాయి ముందట కూసొని ఇసుర్తున్నది. తలెత్తలే. పిల్లగాడు పక్కకు బొంతల నిద్రపోతున్నడు. మూలకు సంచి.

"ముత్తేది?"

"పోయింది."

"ఏడికి?"

"తినేకాడికి." ఇసుర్రాయి ఆగింది. "పటేలింటికి జీతానికి పెట్టిన అక్కా. వాకిలూడ్సుడు, పెండ తీసుడు, దొరసాని బిడ్డను ఎత్తుకునుడు. మిరుగు దాక అన్నరు. ఎనకనో ముంగటనో పెంటయ్య వస్తె ఇడిపిచ్చుకుంట. రాకపోతె ఆడనే పెరుగుతది. ఏం జెయ్యనక్కా? ఇగో, గీ పిల్లగానికి నా పాలెండిపోయినయి. నా బిడ్డ గీ సంచికి పోయింది."

ఆమె ముందట చాటల పోసుకున్న గింజలు కనవడ్డయి. ఎర్ర జొన్న. నడుమ బియ్యం నూక. తైద, కొర్ర, పగిలిన మక్కగింజ.

చాట ముందట కూసొని గింజలు పిడికిట్ల పట్టుకున్న. అండ్ల నా పిడికెడున్నది. మా అత్త పిడికెడున్నది. మేం కడుపు మాడ్చుకొని దేవునికిచ్చినం, దేవుని పేర వేలం పాడిండ్రు, పటేలు ఆ గింజలతోని గోడెన్క పోరిని కొన్నడు. ఎద్దులకు దాణా అట! ఎద్దు సుత తిన్నదానికి మారుగ పని చేస్తది, కని దానికి సుత లేగదూడప్పుడే ముకుతాడు ఎయ్యరు మా దిక్కు.

"ఎవలు మాట్లాడిండ్రే?" అని అడిగిన. అడగకముందే ఎర్కయింది నాకు.

"ఇంకెవలు, అన్ననే. మంచోడక్కా. పటేలు సగం సంచే అన్నడట, అన్న కొట్లాడి నిండు సంచి ఇప్పిచ్చిండు."

గా మాట కన్న నన్ను చెప్పుతోని కొట్టినా బాగుండు.

ఇంట్ల మా ఆయన అద్దం ముందట నెత్తికి నూనె రాసుకుంటున్నడు. అడిగిన. దాసుకోలే. దాసుకునేంత సిగ్గున్నదా?

"ఏం తప్పు జేసిన? ఈడ ఆకలికి సస్తది, ఆడ మూడు పూటల తింటది. పేదోళ్ళకు సాయం జేసిన. పటేలు సుత మెచ్చుకున్నడు."

"దయావతిని పంపు మరి. పటేలింట్ల ఇంకో పోరికి పని లేకుండ పోలే."

"నోరు కడుక్కో! నా బిడ్డతోని దానికి పోటీనా? మన బిడ్డ బోర్డింగుల ఉన్నది."

"ఎందుకున్నది? వాళ్ళ బిడ్డ లైన్ల నిలబడితె నువ్వు నెక్స్ట్ అన్నవు, గందుకు."

ఆయన దువ్వెన జేబుల పెట్టుకొని బయటికి పోయిండు. నేను చాటకెళ్ళి పిడికిట్ల పట్టుకొచ్చిన గింజలు తీస్కపోయి మా అత్త ముందట పెట్టిన. ఆమె మంచం మీద కూసొని ప్రార్థన పుస్తకం పట్టుకున్నది. చెయ్యి చాపింది, పోసిన.

వేలితోని కదిపి చూసింది. "గీ తైదలు నాయే. డబ్బడుగువి, పురుగు తొలిచినయి. ఏడికెళ్ళి తెచ్చినవే?"

చెప్పిన. మొత్తం చెప్పిన. కొడుకు పేరు వచ్చినకాడ సుత ఆపలే.

మా అత్త ఏడ్వలే, దేవున్ని పిలువలే. గింజలు కొంగుల ముడేసుకున్నది. లేసి, కట్టె లేకుండనే నడుచుకుంట పోయి దొడ్డిగోడ కాడ ఆగింది. నన్ను చెయ్యి పట్టుమన్నది. పెండ్లయి వచ్చినంక, బాప్తిస్మం తీసుకున్నంక, పోచమ్మకు మొక్కే ఇల్లని ఆమె ఆ వాకిట్ల అడుగు పెట్టలే. ఆ దినం గోడ దాటింది.

మల్లమ్మ ఇసుర్రాయి ఇడిసి లేసింది.

"సంచి మూతి గట్టు బిడ్డా" అన్నది మా అత్త. "నువ్వు తిన్నంత మేం నింపుతం."

నింపినం. మా అత్త ఇల్లిల్లూ తిరిగి కొంగు విప్పి చూపెట్టింది. గింజలు చూపెట్టి, ఎవల బిడ్డ పోయిందో చెప్పింది. అంతే, ఉపన్యాసం లేదు. మొగులమ్మ పోచమ్మ దిక్కు మనిషి, మా దగ్గర ఒక్క గింజ తీసుకున్నది లేదు, ఆమె సుత రేపటికని దాసుకున్న గుప్పెడు నూకలు తెచ్చి ఏసింది. పొద్దుగూకేవరకు సంచి మునుపటి లెక్కనే నిలబడ్డది.

తెల్లారి సంచి మోసుకొని ఆడోళ్ళం పటేలింటికి పోయినం. ముత్తి వాకిట్ల పెండగంప ఎత్తుకుంటున్నది. మమ్ముల చూసి గంప కింద పెట్టలేదు. పెట్టాల్నో వద్దో అని పటేలు దిక్కు చూసింది. రెండు దినాల్లనే నేర్సిండ్రు దానికి.

పటేలు అరుగు మీద పండ్లు తోముకుంటున్నడు. "ఏందే ఇంతమంది? దావతా?"

మా అత్త సంచి ముందట పెట్టిచ్చింది. "మీ గింజలు మీకు పటేలా. మా పోరి మాకు."

"పాటల కొన్న సంచి అది. నా సొమ్ము. నా సొమ్ము నాకిష్టమొచ్చిన కాడ పెట్టుకుంట."

"పెట్టుకోండ్రి. ఎద్దులకన్నరట, ఎద్దులకు పెట్టుండ్రి. మా నోట్లకెళ్ళి తీసి మేం దేవునికిచ్చినం. పోరిని కొననీకి ఇయ్యలే."

"ముసల్దానా, నీ కొడుకే తెచ్చి పెట్టిండు దీన్ని."

"వాడు నా కడుపుల పుట్టిండు. గదీ నా తప్పు, మీ తప్పు కాదు." మా అత్త సంచిని ఇంకింత ముందటికి జరిపిచ్చింది. "పోరినియ్యుండ్రి."

పటేలు ఉమ్మేసిండు. ఇస్తనో ఇయ్యనో అనకముందే మొగులమ్మ అందుకున్నది. "పటేలా, బాయి కింద వరి వొంగింది. కోతకు మనుషులను ఏ ఊరికెళ్ళి పిలిపిచ్చుకుంటున్నరు? మాకైతె ఈ ఏడు చేతులు లేస్తలేవు, తిండి లేక."

పటేలు మా చేతుల దిక్కు చూసిండు. చూసి, లెక్కేసుకున్నడు. వరి ఇంకో నాలుగు దినాలుంటె రాల్తది, ఎనిమిదేండ్ల పోరి రాలదు. "తీస్కపోండ్రి. తిండిపోతు పోరి, పనికి రాదు, గంజికే వస్తది" అన్నడు. అన్నీ ఉన్నోని నోటికెళ్ళి అంత మాట వచ్చింది. మల్లమ్మ పోయి బిడ్డ నెత్తి మీది గంప దించింది.

ఆ దినం నుంచే మల్లమ్మ వాకిట్ల పెద్ద కుండ ఎక్కింది. దేవుని పిడికెడు ఇగ గుడికి కాదు, ఆ కుండలకే. పోచమ్మ దిక్కోళ్ళు సుత పూటకు పిడికెడు తీసుడు నేర్సుకున్నరు. పగటియాళ్ళ ఒక్క పూట గట్క, పల్చగనో చిక్కగనో, ముందుగాల పిల్లలకు, తర్వాత ముసలోళ్ళకు, మిగిల్తె మాకు. వండేది మల్లమ్మ. ఆమె ఒక్కటే కాయిదా పెట్టింది. "ఎవలొచ్చినా పెట్టుడే. నీదే దేవుడని అడుగుడు లేదు, నువ్వెవనివని అడుగుడు లేదు. నన్ను లైన్ల నిలవెట్టి అడిగిండ్రు. నేను మాత్రం ఎవ్వల్నడగ."

ఆదివారం వచ్చింది. పాట మొదలైంది. మా ఆయన ఇస్త్రీ అంగితోని గంప పక్కకు నిలబడ్డడు. ముందుగాల మా అత్తనే లేసింది, ఎప్పటిలెక్కనే. గంప కాడికి పోయి, కొంగు ముడి విప్పి దులిపింది. ఏం రాల్లె. పక్కకు తప్పుకున్నది. ఎనకకెళ్ళి మా వాడ దేవమ్మ దులిపింది. తర్వాత నేను. మా ఆయన పండ్లు కొరుక్కుంట, "ఏందే గిది" అని గొణిగిండు. "నెక్స్ట్" అన్న.

పాట అయిపోయింది, లైను అయిపోలే. బూరుగుదూది అంత సుత గంపల పడలే.

కృపానందం అయ్యగారు లేసి నిలబడ్డడు. "లీలమ్మా, ఇది దేవుని గంప. ఆటకాదు."

"ఎర్కనే అయ్యగారూ. దేవుని పిడికెడు ఇప్పుడు మల్లమ్మ వాకిట్ల పొయ్యి మీదున్నది. దేవునికి ఆకలైతె ఆడికే రమ్మనుండ్రి. పేరు సుత అడగరు."

తర్వాత అయ్యేది అయింది. మా ఇండ్లకు శనివారం గింజలు బందువెట్టిండ్రు, కట్టుబాటు తప్పిండ్రని. పటేలు వరి కోసిన కూలి గింజలే కుండకు దిక్కయినయి. మా ఆయన పెద్దరికం ఊడింది. ఇంటి ఆడోళ్ళనే చెప్పుచేతల పెట్టుకోలేనోడు సంఘాన్నేం నడుపుతడని అయ్యగారే అన్నడట. దయావతి క్రిస్మస్ సెలవులకు వచ్చింది, మళ్ళ బోర్డింగుకు రావద్దన్నరు. పెట్టె దించంగనే నన్ను పట్టుకొని ఏడ్చింది. నేను సుత ఏడ్చిన, ఎందుకు ఏడ్వ? ఆ తెల్ల గౌను మీద నాకెన్ని ఆశలున్నయో నాకెర్క. కండ్లు తుడుచుకొని, దాని చేతిల పళ్ళెం పెట్టి మల్లమ్మ వాకిట్లకు తోలిన. పోయి ముత్తి పక్కకు కూసున్నది. తర్వాత హత్నూర సర్కారు బడికి ఇద్దరు కలిసే నడిచిండ్రు, కని అది తర్వాతి ముచ్చట.

మా ఆయన కుండ దిక్కు రాలే. నెల దినాలు రాలే. పోచమ్మోళ్ళ వాకిట్ల గంజి తాగుతనా అన్నడు. పటేలింటికి పోయిండు, ఏదన్న లెక్కలు రాసే పని ఇయ్యమని. పటేలు అరుగు దిగలే. అయ్యగారింటికి పోయిండు. అయ్యగారు ప్రార్థన చేసి పంపిండు. రెండు ఇండ్లు తిరిగి వచ్చిన మొకం ఎట్లుంటదో నేను చెప్పనవసరం లేదు.

ఒక దినం పగటియాళ్ళ వచ్చిండు. మల్లమ్మ వాకిట్ల, పిల్లలు తిని లేసినంక, ముసలోళ్ళ ఎన్క నిలబడ్డడు. చేతిల మా ఇంటి ఇత్తడి పళ్ళెం. ఆ పళ్ళెం గుంజుకొని, పో, పటేలింట్ల తిను, అందామని లేసిన. మల్లమ్మ నా రెక్క పట్టుకున్నది. కూసున్న.

పోసేది ఆ దినం ముత్తి. గంటె దానికంటె పొడుగున్నది. ఆయన ముందటికి వచ్చిండు. ఆయననెర్కపట్టింది అది, ఎర్కపట్టకుంట ఉంటదా? చెయ్యి పట్టుకొని పటేలు వాకిట్లకు తోలుకపోయినోడే గదా. గంటెను కుండ అంచుకు ఆనిచ్చింది. తర్వాత గంటెడు పోసింది. ఆయన అక్కడనే గోడకు కూసొని ఐదు నిమిషాల్లనే నాకి తిన్నడు. వేళ్ళు సుత నాకిండు.

ముత్తి కుండ దిక్కు చూసింది, ఆయన పళ్ళెం దిక్కు చూసింది.

"పెద్దనాయినా, ఇంకింత ఎయ్యన్నా?"

సిగ్గున్న మనిషైతె లేసి పోవాలె. తలకాయన్న దించుకోవాలె. మా ఆయన పళ్ళెం ముందటికి జరిపిండు.

"ఎయ్యి బిడ్డా. మీదిది పల్చగున్నది, అడుగుకెళ్ళి ఎయ్యి."

ముత్తి గంటె అడుగుదాక ముంచి పోసింది.